తొమ్మిది రింగులు

రెండు రింగులు మోగి ఆగిపోతే మా అమ్మాయి క్షేమంగా చేరినట్టు. నేను ఫోను ఎత్తకూడదు. ఎత్తితే అక్కడ దాని సెల్‌ఫోనులో ఉన్న కాస్త బాలెన్సూ ఖర్చయిపోతుంది. బస్సు దిగగానే ఒకసారి, తిరుగు బస్సు ఎక్కగానే ఇంకోసారి ఇలా మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఈ ఏర్పాటు చేసింది నేనే. మా అక్కచెల్లెళ్ళం నలుగురమూ ఏళ్ళ తరబడి ఇలాగే ఒకరి క్షేమం ఒకరికి తెలుపుకున్నాం. మధ్యలో ఆన్సరింగ్ మెషీన్ ఎత్తేస్తుందేమోనని దాన్ని కూడా మావారి చేత పీకించి అటక మీద పెట్టించాను.

మా అమ్మాయి పేరు శ్రీలేఖ. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో. కాలేజీలో మూడో ఏడు వచ్చాక, ఒక టర్ము బయటి దేశంలో చదివితే మంచిదని 2011 సెప్టెంబరులో ఇంగ్లండులోని నారిచ్ అనే ఊరికి వెళ్ళింది. వెళ్ళేముందు నేను చెప్పని జాగ్రత్త లేదు. గదిలో హీటరు దగ్గర బట్టలు ఆరేయొద్దన్నాను. ఎవరైనా ఏదైనా తాగమని ఇస్తే తీసుకోవద్దన్నాను. అక్కడ కార్లు ఎడమ పక్కన వస్తాయి కాబట్టి రెండువైపులా నాలుగుసార్లు చూసి రోడ్డు దాటమన్నాను. మావారు లక్ష్మీపతి పక్కనే సూట్‌కేసు తూకం వేస్తూ, "మీ అమ్మ ఉన్నంతకాలం యముడికి పనేం లేదమ్మా, ఆయన అనుకోవలసినవన్నీ ఈవిడే ముందు అనుకుంటుంది" అన్నారు. తండ్రీకూతుళ్ళు నవ్వుకున్నారు.

అన్ని జాగ్రత్తల్లో బస్సు మాట మాత్రం నాకు తట్టలేదు. ఎలా తడుతుంది? మా వీధిలో బస్సంటే పిల్లల్ని బడికి తీసుకెళ్ళే పసుప్పచ్చ బస్సే. పాల డబ్బా కావాలన్నా కారు తీయాలి. శ్రీలేఖకు పదహారేళ్ళకే లైసెన్సు వచ్చింది. టికెట్టు కొని బస్సెక్కడమనేది దాని బతుకులో లేదు.

వెళ్ళిన మూడో వారం ఫోన్ చేసింది.

"అమ్మా, వెన్స్‌డే నాకు క్లాసెస్ లేవు కదా. బస్ ఎక్కి విలేజెస్ చూస్తున్నాను."

"ఎవరితో?"

"ఎవరితో లేదు. నేనే."

"ఒక్కదానివా?"

"యా. బస్‌లో డ్రైవర్ ఉంటాడు కదా."

"ఏముందే ఆ పల్లెటూళ్ళలో చూడ్డానికి?"

"చర్చ్ ఉంటది. ఒక పాండ్ ఉంటది. డక్స్ ఉంటాయి."

బాతుల్ని చూడటానికి ఇరవయ్యేళ్ళ పిల్ల ఊరు కాని ఊళ్ళో బస్సులు పట్టుకుని ఒంటరిగా తిరుగుతోంది. నా చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. పోపు మాడిపోయింది.

నాకు బస్సులు తెలియక కాదు భయం. మా నాన్న బస్సు కండక్టరు. కందుకూరు దగ్గర పల్లె రూట్లలో ముప్పయ్యేళ్ళు చేశాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ రోజు జరిగినవన్నీ చెప్పేవాడు. ఏ మలుపులో బస్సు ఒరిగింది, ఏ చప్టా మీద నీళ్ళలో ఇంజను ఆగింది, ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి ఏమైంది. అవన్నీ వింటూ అన్నం తిన్నదాన్ని. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది గాని ఆ కథలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. బస్సు అన్న మాట వింటే నాకు సగం దూరం వెళ్ళి ఆగిన బస్సే కనిపిస్తుంది.

వద్దని ఎంత చెప్పినా వినలేదు. మిస్డ్ కాల్స్ ఏర్పాటు అప్పుడే పుట్టింది. మావారు నవ్వారు గాని శ్రీలేఖ ఒప్పుకుంది. "రెండు రింగ్స్ అంటే ఓకే. అంతే కదా?" అంది. వంటింట్లో ఒక గడియారం కొనిపించి ఇంగ్లండు టైము పెట్టించాను. మాకంటే అయిదు గంటలు ముందు. ప్రతి బుధవారం ఉదయం కాఫీ పట్టుకుని ఆ గడియారం కింద కూర్చునేదాన్ని. రింగులు రెండు మోగి ఆగేవి. మళ్ళీ మధ్యాహ్నం లోపు రెండు. అప్పుడు అన్నం సహించేది.

ఇక అది పంపే ఫోటోలు చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో వింత. ఇంగ్లండువాళ్ళు గడ్డి కప్పిన ఇళ్ళలో ఉంటారని నాకు అంతవరకూ తెలియదు. "పాపం, వీళ్ళకి ఇంకా పక్కా ఇళ్ళు రాలేదా?" అంటే మావారు కళ్ళజోడు తీసి నన్ను చూసి, "ఆ ఒక్క గడ్డిల్లు అమ్మితే మన ఇళ్ళు రెండొస్తాయి సుబ్బులూ" అన్నారు. ఇంకో ఫోటోలో రోడ్డు పక్కన బల్ల మీద కోడిగుడ్లు, పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా, చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఇంకొకదాంట్లో బస్సు కోసం ఆగే చిన్న పెంకుల గదిలో అలమరా నిండా పుస్తకాలు. మరో దాంట్లో శ్రీలేఖ ఒక బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటోంది. వెనక వరసగా రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. పెద్దది చేసి చూశాను. సమాధులు.

"శ్మశానంలో కూర్చుని తిన్నావా?"

"చర్చ్‌యార్డ్ అమ్మా. అందరూ తింటారు. చాలా పీస్‌ఫుల్."

ఆ రోజే దాని పేరు మీద ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నాను.

అక్టోబరు ఇరవయ్యారు బుధవారం దీపావళి. ముందు రోజు శ్రీలేఖ లిటిల్ ఓస్విక్ అనే పల్లెకు వెళ్తానని, బస్సు వేళల కాగితం ఈమెయిల్లో పంపింది.

"అమావాస్య రోజు ప్రయాణం ఏమిటే?" అన్నాను.

"దీపావళి అన్నావు కదా?"

"దీపావళి అంటే అమావాస్యే."

"సో హ్యాపీ డేనా, బ్యాడ్ డేనా అమ్మా? ఒకటి చెప్పు."

మావారు ఆ కాగితాన్ని ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చి, వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న అయస్కాంతంతో ఫ్రిజ్ మీద అంటించారు. నేను చదివి పెట్టుకున్నాను. పదకొండూ ఇరవైకి చేరుతుంది. తిరుగు బస్సు రెండూ ముప్పయ్యయిదుకి. దాని పక్కన చిన్న చుక్క గుర్తు. ఆ రూట్లో రోజంతటికీ అదొక్కటే తిరుగు బస్సు.

బుధవారం తలంటి పోసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి గడియారం కింద కూర్చున్నాను. ఇంగ్లండు గడియారంలో పదకొండూ ఇరవై అయింది. ఫోను మోగలేదు. పన్నెండయింది. బూరెలకు పూర్ణం ఉండలు చేస్తూ ఒక చెవి ఫోను మీదే పెట్టాను. ఒంటిగంట. దాని సెల్‌కు చేస్తే, అందుబాటులో లేదని ఎవరో ఆడమనిషి చల్లగా చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే గొంతు.

ఆఫీసులో ఉన్న మావారికి చేశాను.

"ఆ పల్లెల్లో సిగ్నల్ ఉండదు సుబ్బులూ. నాకు పదింటి నుంచి మీటింగ్ ఉంది. అది బస్సెక్కి మెయిన్‌రోడ్డుకి రాగానే నీ రింగులు నీకొస్తాయి. కాస్త ఏదైనా తిను."

రెండూ ముప్పయ్యయిదు దాటింది. మూడయింది. మూడూ అయిదుకి ఫోను మోగింది.

చేతికంటిన పిండితోనే పరిగెత్తాను. చిన్న తెర మీద నంబరు చూశాను. ముందు నలభై నాలుగు. ఇంగ్లండు నంబరే. మిగతా అంకెలు చూడలేదు. చెయ్యి ఫోను మీదే ఉంది. ఒకటి, రెండు. ఆగుతుందనుకున్నాను. మూడు, నాలుగు, అయిదు, ఆరు. అప్పుడు ఆగింది.

కళ్ళు మూసుకుని స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. అంతలో మళ్ళీ మోగింది. అదే నలభై నాలుగు. ఓహో, దిగినప్పుడు సిగ్నల్ లేక ఇవ్వలేకపోయిన కాల్ మొదటిది, బస్సెక్కాక ఇవ్వవలసింది రెండోది, రెండూ కలిపి ఇచ్చేస్తోంది అనుకున్నాను. ఈసారి తొమ్మిది మోగాయి. కిటికీలోంచి బాతుల్ని చూస్తూ కట్ చేయడం మర్చిపోయింటుంది, మాలోకం, అని నవ్వుకున్నాను కూడా. ఆ తొమ్మిది రింగులూ ఫోను మీద చెయ్యి పెట్టి, లెక్కపెడుతూ నిలబడ్డాను. ఎత్తలేదు.

ఆ తర్వాత నాకు ప్రాణం కుదుటపడింది. నూనె కాగబెట్టి బూరెలు వేశాను. చాలా వారాల తర్వాత పని చేసుకుంటూ పాట కూనిరాగం తీశాను.

ఇంగ్లండు గడియారంలో నాలుగుంబావు అవుతుండగా వెనక వీధి జయంతి వచ్చింది. గవ్వలు చేసి డబ్బాలో తెచ్చింది. జయంతిది వరంగల్లు. ఇక్కడి బ్యాంకులో పని చేస్తుంది, పండగని ఆ రోజు సెలవు పెట్టింది.

"ఏందక్కా, ఇయ్యాల మొహం కళకళలాడుతున్నది? బిడ్డ ఫోన్ చేసిందా?"

"రింగులిచ్చింది. బస్సెక్కేసింది."

"మంచిగైంది. మా చెల్లె కూడ ఇంగ్లండుల్నే ఉంటది గద, లెస్టర్ల. పొద్దున మాట్లాడిన. పిల్లలు ఇంట్ల ఒకటే లొల్లి చేస్తున్నరట. అక్కడ బడులకు ఈ వారమంతా సెలవులేనట."

నేను బూరెల పళ్ళెం ఆమె ముందు పెట్టబోతున్నాను.

"ఎక్కడ సెలవులు?"

"అక్కడనే. దేశమంతా సెలవులట. టర్ము నడుమ ఒక వారం ఇస్తరట."

పళ్ళెం గట్టు మీద పెట్టేసి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. రెండూ ముప్పయ్యయిదు పక్కన చుక్క గుర్తు. కాగితం అడుగున స్వామి బొమ్మ అయస్కాంతం. దాన్ని పక్కకు జరిపాను. దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. చుక్క పెట్టిన బస్సు బడులు నడిచే రోజుల్లో మాత్రమే తిరుగును.

మా నాన్న టికెట్ల సంచీలో కూడా ఇలాంటి కాగితమే ఉండేది. కొన్ని ట్రిప్పుల పక్కన ఎర్ర సిరాతో చుక్క. 'పాఠశాల పనిదినములందు మాత్రమే.' వేసవిలో ఆ సంగతి తెలియని కొత్తవాళ్ళు మూటలు పెట్టుకుని రోడ్డు మీద పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళని నాన్న చెప్పేవాడు. అందుకే మా ఊళ్ళో ఎవరూ కాగితాన్ని నమ్మరు. దిగేముందు కండక్టరును అడుగుతారు, తిరుగు బస్సు ఎన్నింటికి అని. చిన్నపిల్లలు కూడా అడుగుతారు.

హీటరు గురించి చెప్పాను. తాగేవాటి గురించి చెప్పాను. ఈ ఒక్క మాట దానికి చెప్పలేదు.

"ఏమైందక్కా, గిట్ల నిలబడ్డవేంది?"

"బస్సు లేదు జయంతీ. ఈ వారం బస్సే లేదు."

"మరి ఎక్కినని రింగులిచ్చింది అంటివి గద?"

అప్పుడు ఫోను దగ్గరికి వెళ్ళి, మీట నొక్కి వెనకటి నంబరు చూశాను. ముందు నలభై నాలుగే. మిగతాది మా అమ్మాయి నంబరు కాదు. ఎప్పుడూ చూడని నంబరు. మూడూ అయిదుకి ఒకసారి, మూడూ ఏడుకి ఒకసారి.

మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్ళు ఆరు రింగులు మోగనివ్వరు. తొమ్మిది అసలే మోగనివ్వరు. అంతసేపు మోగిస్తే ఎత్తమని. బస్సు రాలేదని, అమ్మా ఎత్తు అని, ఎక్కడి నుంచో నా బిడ్డ నన్ను పిలుస్తోంది. నేను దాని పిలుపు మీద చెయ్యి వేసి ఒకటీ రెండూ అని లెక్కపెట్టాను.

వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. జయంతి నీళ్ళు తెచ్చింది. తాగలేకపోయాను. అయిదూ ముప్పావుకల్లా అక్కడ చీకటి పడుతుందని శ్రీలేఖే చెప్పింది మొన్న. అమావాస్య చీకటి. నాకు అప్పటికే ఒక మడుగు కనిపించింది. దాంట్లో బాతులు కనిపించాయి.

"అక్కా, లే. ముందు ఆ నంబరుకే చెయ్యి" అంది జయంతి. తనే అంకెలు నొక్కి స్పీకరు పెట్టింది.

ఇంగ్లండు ఫోను మోత వేరుగా ఉంటుంది. జంటలు జంటలుగా మోగుతుంది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. దానంతట అదే ఆగిపోయింది. మళ్ళీ చేశాం. మళ్ళీ ఎవరూ లేరు. ఈ మధ్యలో జయంతి తన సెల్ నుంచి మావారికి చేసి, విషయం ఒక్క ముక్కలో చెప్పి పెట్టేసింది. నేను ఆ నంబరు వదల్లేదు. అయిదోసారో ఆరోసారో చేస్తున్నప్పుడు, ఇంగ్లండు గడియారంలో నాలుగూ నలభై అవుతుండగా, ఎవరో ఎత్తారు. ముందు గాలి చప్పుడు. తర్వాత ఆయాసపడుతూ ముసలి ఆడగొంతు.

"ఎవరు పోయారు?" అని అడిగింది ఇంగ్లీషులో.

"ఎవరు? ఎవరు పోయారు?" అని నేనూ అదే అడిగాను.

"నాకేం తెలుసమ్మా. ఇది రోడ్డు మీది ఫోన్ పెట్టె. ఏళ్ళ తరబడి ఎవరూ దీనికి చేయలేదు. ఆగకుండా మోగుతుంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని వంటింట్లోంచి వచ్చాను."

నాకున్నది కొట్లో సామాన్లు కొనుక్కునే ఇంగ్లీషు. అదంతా కూడదీసుకుని చెప్పాను. మా అమ్మాయి. ఇరవయ్యేళ్ళు. ఇండియన్. పొడుగు జడ. ఎర్ర కోటు. బస్సు లేదు. నేను అమెరికా నుంచి, దాని అమ్మను.

"ఎర్ర కోటు అమ్మాయా. చూశాను. మూడున్నర ముందు కనబడింది. మెయిన్‌రోడ్డుకి దారి అడిగింది. అక్కడ గంటకో బస్సుంటుంది. నాలుగు మైళ్ళు నడవాలని చెప్పాను." ఆమె గొంతు తగ్గిపోయింది. "పొలాల్లోంచి అడ్డదారి ఉందని కూడా నేనే చెప్పాను. మొన్నటి వానలకి అంతా బురదగా ఉందన్నది చెప్పనేలేదు."

జయంతి ఫోను దగ్గరికి వంగి, ఆ అమ్మాయి దగ్గర పనిచేసే ఫోను లేదని, చీకటి పడిపోతోందని గబగబా చెప్పింది.

"నా పేరు డోరీన్. పక్కింటి రైతుకు పెద్ద జీపుంది. అతన్ని పంపుతాను. నేను ఇక్కడే నిలబడతాను. అరగంట ఆగి ఈ నంబరుకే చేయండి" అంది ఆ ముసలావిడ. తర్వాత, నాతోనే అన్నట్టుగా, "నాకూ ఒక కూతురుంది. ఆస్ట్రేలియాలో" అని పెట్టేసింది.

అరగంట. అలా ఒక్క పనీ లేకుండా గడియారం చూస్తూ కూర్చోవడం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. మావారు వచ్చారు. ఏనాడూ బూట్లతో వంటింట్లోకి రాని మనిషి బూట్లతోనే వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. యముడి హాస్యాలేవీ లేవు. ఫ్రిజ్ మీది కాగితాన్నీ పక్కకు జరిపిన అయస్కాంతాన్నీ చూసి, "అది అక్కడ పెట్టింది నేనే" అన్నారు. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని అక్కడి పోలీసుల నంబరు వెతకడం మొదలుపెట్టారు. వేళ్ళు ఒకే మీటను రెండుసార్లు నొక్కుతున్నాయి.

అరగంట గడిచాక చేశాను. మొదటి మోత పూర్తికాకుండానే డోరీన్ ఎత్తింది.

"ఇంకా రాలేదు" అంది. "నేనిక్కడే ఉన్నాను. ఇంకో పావుగంట."

ఆ చలిలో, ఆ పెట్టెలో, నా పిల్ల కోసం ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. ఆమె మొహం నేను చూడలేదు. ఆమె వెనక పొద్దు వాలిపోవడం మాత్రం నాకు కనిపిస్తూనే ఉంది.

పావుగంట కాలేదు. మా ఫోనే మోగింది. తెర మీద నలభై నాలుగు, ఇంకో కొత్త నంబరు. రింగు సగంలో ఉండగానే ఎత్తాను.

"అమ్మా."

ఫోను పట్టుకున్న చెయ్యి చెవికి అతుక్కుపోయింది.

"అమ్మా, నేనే. డోరీన్ వాళ్ళ ఇంట్లో ఉన్నాను. ఐయామ్ ఓకే. కాలి ఆంకిల్ ట్విస్ట్ అయింది, అంతే. పొలంలో షార్ట్‌కట్‌లో స్లిప్ అయ్యాను. నడవడానికి రాలేదు. ఒక కంచె దగ్గర కూర్చున్నాను. డార్క్ అవడం స్టార్ట్ అయింది అమ్మా. ఎవరూ రాలేదు. ఒక్క కార్ కూడా రాలేదు. లాస్ట్‌కి ఆ ఫార్మర్ జీప్‌లో వచ్చి తీసుకొచ్చాడు. నా సెల్ బాటరీ అయిపోయింది. నెంబర్స్ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. నాకు బై హార్ట్ ఉన్న నెంబర్ మన ఇంటిదే. సో ఇంటికి చేశాను. రెండుసార్లు చేశాను. నువ్వు ఎందుకు ఎత్తలేదు?"

మావారు, జయంతి ఇద్దరూ నా వంకే చూస్తున్నారు.

"గుడికి వెళ్ళారేమో అనుకున్నాను. దీపావళి కదా" అంది శ్రీలేఖ.

అవునని అనేస్తే అయిపోయేది.

"ఇంట్లోనే ఉన్నానమ్మా. ఫోను దగ్గరే ఉన్నాను. మిస్డ్ కాల్ అనుకున్నాను."

కోపమే వస్తుందనుకున్నాను. రావలసిందే.

"రెండు రింగ్స్ అన్నావు కదా నువ్వు" అంది చిన్నగా. "నేను చాలా మోగించాను. కౌంట్ చేయలేదా?"

"చేశాను. తొమ్మిది."

మావారు నా చేతిలోంచి ఫోను తీసుకుని, "చిట్టితల్లీ, కాలికి ఐస్ పెట్టారా?" అని అడిగారు.

డోరీన్ ఆ రాత్రి దాన్ని తన ఇంట్లోనే ఉంచుకుంది. కాలికి కట్టు కట్టి, సూపు కాచి ఇచ్చిందట. మర్నాడు పొద్దున రైతు తన జీపులో నారిచ్‌కు దింపి వెళ్ళాడు. ఎవరేం తాగమని ఇచ్చినా తీసుకోవద్దని నేను చెప్పిన పిల్ల ముక్కూ మొహం తెలియని ఇంట్లో సూపు తాగి బతికింది. ఆ సంగతి దానితో అనలేదు. అది కూడా నాతో అనలేదు.

ఆ రోజే ఆన్సరింగ్ మెషీన్ అటక మీది నుంచి దించి పెట్టించాను. డోరీన్‌కు బూరెలు పంపాలనుకున్నాను గాని దారిలో పాడైపోతాయని మావారు అంటే ఒక శాలువా పంపించాను. ఆమె రాసిన జవాబులో, ఆ పెట్టెలోని ఫోనును కొత్త సంవత్సరంలో తీసేస్తారని ఊళ్ళో నోటీసు అంటించారని ఉంది. ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే ఆ ఊళ్ళో మోగడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక బస్సుల మాట ఎత్తదనుకున్నాను. మూడు వారాలు ఎత్తలేదు కూడా. నాలుగో వారం కాగితం పంపింది.

"కాలు తగ్గిందమ్మా. వెన్స్‌డే వెళ్తాను. టైమ్‌టేబుల్ నువ్వు కూడా చూడు."

వద్దు అని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఇంతకుముందు ఎన్నిసార్లు అన్నానో, అది ఏం చేసిందో నాకు తెలుసు. కాగితం ప్రింటు తీయించి బల్ల మీద పరిచాను. అయస్కాంతం పెట్టలేదు. పై నుంచి కింది దాకా, చీమల అక్షరాలతో సహా, వేలు పెట్టి చదివాను. శనివారం తిరగని బస్సుంది. సెలవుల్లో తిరగని బస్సుంది. ముందు రోజు ఫోను చేసి చెబితేనే వచ్చే బస్సొకటుంది. అన్నీ రాసుకుని ఫోన్లో చదివి వినిపించాను. వింటూ, "అమ్మా, ఇవన్నీ నీకు ఎలా తెలుసు?" అంది. తాతయ్య కండక్టరని దానికి తెలుసు. ఆ టికెట్ల సంచీలో ఏముండేదో మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. బస్సు ఒరిగిన కథలు చెప్పలేదు.

"ఇంకొక్క మాట. కాగితంలో ఏమున్నా సరే, దిగేముందు డ్రైవర్ని అడుగు. తిరుగు బస్సు ఎన్నింటికి అని."

"అడుగుతాను."

"నోటితో అడగాలి."

"సరే అమ్మా."

బుధవారం గడియారం కింద కూర్చున్నాను. భయం అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు. రాత్రంతా మంచు మీద జారుతున్న బస్సే కనిపించింది. చేరవలసిన వేళకు ఫోను మోగింది. మొదటి రింగుకే ఎత్తాను.

"అమ్మా, ఎత్తకూడదు. ఇది మిస్డ్ కాల్."

"ఎత్తుతాను. నీ బాలెన్సు ఎంత ఖర్చయినా సరే ఎత్తుతాను. దిగావా?"

"దిగుతున్నాను. స్టెప్ మీద ఉన్నాను."

"డ్రైవర్ని అడిగావా?"

అటువైపు చిన్న నిట్టూర్పు. తర్వాత ఫోను కాస్త దూరంగా పెట్టి అది ఇంగ్లీషులో ఎవరినో అడగడం వినిపించింది. ఒక మగగొంతు, ఇంజను చప్పుడులో, తాపీగా జవాబు చెప్పింది. రెండున్నరకమ్మా, ఇదే బస్సు, నేనే వస్తాను.

"విన్నావా?" అంది శ్రీలేఖ.

విన్నాను. కాగితం మీద రెండూ నలభై అని ఉంది. పది నిమిషాల తేడా. పెన్సిలు తీసుకుని నలభై కొట్టేసి, ముప్పై వేశాను.